ఎముక లోపల పెట్టే వాత

బద్వేలు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, ఊరు వద్దన్నారు కనుక విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె భర్త పదకొండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్తారు. ఇంట్లో ఆమె, అత్తగారు, పదహారేళ్ల కొడుకు, ఎనిమిదో తరగతి చదివే కూతురు. బావగారి కాపురం పక్క వాకిట్లోనే. బ్యాంకు, పొలం, పెళ్లి, ఆసుపత్రి, ఏదైనా ఆయన మాట మీదే నడుస్తుంది.

కొడుకు తిరుపతిలో ఒక హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు దసరాకు ఇంటికి వచ్చినప్పుడు కుడి మోకాలు నొప్పి అన్నాడు. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. సంక్రాంతికి మళ్లీ అదే మాట, మళ్లీ మోకాలి ఎక్స్‌రే, మళ్లీ ఏమీ లేదు. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని హాస్టల్ వార్డెను ఫోన్ చేశాడు. ఆమె నమ్మారు. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నారు. అప్పటినుంచి పిల్లవాడు నొప్పి ఊసెత్తడం మానేశాడు. ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి రెండు గంటలకు వంటింట్లో గ్లాసు చప్పుడైతే ఆమె లేచి వెళ్లారు. లైటు వేయకుండా, పొయ్యి గట్టును ఆనుకుని నిలబడి వాడు మాత్ర మింగుతున్నాడు. మర్నాడు పరుపు కింద చూస్తే ఖాళీ స్ట్రిప్పులు పదిహేడు దొరికాయి. 'మత్తుకు అలవాటు పడ్డాడనుకుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు' అని రాశారు.

కడపలో ఒక ఎముకల డాక్టరు మోకాలిని వదిలేసి తుంటిని తిప్పి చూశారు. టేపు తీసుకుని రెండు తొడలూ కొలిచారు. కుడి తొడ రెండు సెంటీమీటర్లు సన్నబడి ఉంది. తొడ ఎముక పైభాగంలో 8 మిల్లీమీటర్ల 'నైడస్' (గడ్డ నడిబొడ్డున ఉండే గింజ) ఉందని, అది 'ఆస్టియాయిడ్ ఆస్టియోమా' అనే 'బినైన్ బోన్ ట్యూమర్' అని సీటీ స్కాన్ రిపోర్టు వచ్చింది. కోసి తీయాలని, ఎముక బలహీనపడితే ప్లేటు వేయాల్సి రావచ్చని ఆ డాక్టరు చెప్పారు. కోత లేకుండా సూదితో చేసే పద్ధతి ఒకటుందని, వేలూరులో అడగమని కూడా ఆయనే చెప్పారు. తిరుమల దర్శనమని ఇంట్లో చెప్పి ఆమె కొడుకును తీసుకుని వేలూరు వెళ్లి వచ్చారు. సీటీ స్కాన్‌లో చూస్తూ సన్నని రంధ్రం గుండా సూది పంపి, వేడితో గడ్డను మాడ్చేస్తామని, మర్నాడు ఇంటికి పంపుతామని అక్కడి డాక్టరు చెప్పారు.

ఈలోగా ఫైలు బావగారి కంట పడింది. 'సూదితో సగం పోయి సగం మిగిలితే? కోయించి మొత్తం తీయించు' అంటున్నారు. తమ్ముడికి చెప్పవద్దని, చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాడని హెచ్చరించారు. అత్తగారేమో 'గడ్డకు సూది తగిలితే పాకుతుంది, ముందు పుత్తూరు కట్టు కట్టించండి' అంటున్నారు. వేడి సంగతి విన్నాక తన పొట్ట మీది పాత మచ్చ చూపించి, 'నాకూ చిన్నప్పుడు వాత పెట్టారు, ఏం తగ్గింది?' అని అడిగారట. పిల్లవాడికి 'నరం పట్టింది' అని చెప్పి ఉంచారు. సూదా, కోతా? మార్చి పరీక్షల దాకా ఆగవచ్చా? భర్తకు చెప్పాలా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో, కొట్టేసిన రెండు వాక్యాల కింద, 'వాడు మళ్లీ కబడ్డీ ఆడగలడా?' అని ఉంది.

అమ్మా,

'ట్యూమర్ అన్న మాట దగ్గరే కళ్లు తిరిగాయి, మిగిలింది చదవలేదు' అని రాశారు. దానికి ముందున్న 'బినైన్' మీద నుంచి మీ చూపు జారిపోయింది. డాక్టర్ల ఇళ్లలో కూడా అలాగే జారిపోతుంది, నేను చూశాను. ట్యూమర్ అంటే గడ్డ. మెడ మీద లేచే కొవ్వు గడ్డను కూడా మేము కాగితం మీద ట్యూమర్ అనే రాస్తాం. బినైన్ అంటే మరో చోటికి పాకనిది, ప్రాణం తీయనిది. మీవాడి ఎముకలో ఉన్నది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారే రకమూ కాదు. 1935లో న్యూయార్క్‌లో జాఫీ అనే పాథాలజిస్టు దీన్ని విడి జబ్బుగా గుర్తించి ఈ పేరు పెట్టాడు. రెండు సెంటీమీటర్లు దాటి పెరగడం దీని స్వభావంలో లేదు. మీవాడిది శనగ గింజంత.

అంత గింజ ఇంత ఎందుకు బాధపెడుతుందంటే, దానిలో సన్నని రక్తనాళాలు, నరాల కొసలు కిక్కిరిసి ఉంటాయి. నొప్పిని రగిల్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను అది విపరీతంగా తయారుచేస్తుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు సరిగ్గా ఆ తయారీనే ఆపుతాయి. అందుకే రాత్రి పెరిగే నొప్పి మాత్ర వేసుకున్న కాసేపటికే చేత్తో తీసేసినట్టు పోతుంది, మర్నాటి రాత్రి మళ్లీ వస్తుంది. ఐదేళ్ల నుంచి పాతికేళ్ల మధ్య వయసువాళ్లలో, అందులోనూ మగపిల్లల్లో, ఎక్కువగా తొడ ఎముకలోనో మోకాలి కింది ఎముకలోనో ఇది కనిపిస్తుంది. మీరు మత్తుకు అలవాటనుకున్న ఆ పదిహేడు ఖాళీ స్ట్రిప్పులు, నన్నడిగితే, స్కాన్ రిపోర్టుకు సరిసమానమైన సాక్ష్యం. మీవాడు తెలియకుండానే తన జబ్బు పేరు పరుపు కింద రాసి పెట్టాడు.

మరి మోకాలు ఎందుకు చూపించాడు? తుంటికి వెళ్లే నరమే కొంత మోకాలికీ వెళ్తుంది. తుంటి దగ్గర జబ్బుంటే పిల్లలు మోకాలు పట్టుకుని ఏడుస్తారు. వాడు చూపిన చోట ఎక్స్‌రే తీశారు, అక్కడ నిజంగానే ఏమీ లేదు. ఆ ఇద్దరు డాక్టర్ల మీద కోపం వద్దు. నాకు ఆ హక్కు అసలే లేదు. ముప్పై ఏళ్లు ఎక్స్‌రేలు, స్కాన్లు చదివి బతికినదాన్ని నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో, పందొమ్మిదేళ్ల అమ్మాయి కాలి ఎముక మందంగా కనబడితే పాత చీము జబ్బు అని రాసి పంపాను. నా రాతను నమ్మి ఆ అమ్మాయి ఆరు నెలలు యాంటీబయాటిక్స్ మింగింది. తర్వాత మరొకరు సన్నని ముక్కలుగా సీటీ తీస్తే ఆ మందం మధ్యలో చుక్కలా ఇది కనబడింది. నేను చూసిన స్కాన్ ముక్కలు మందంగా ఉన్నాయి, గింజ రెండు ముక్కల మధ్య దాక్కుంది. ఆ అమ్మాయి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇందుకే మీ ప్రశ్నల వరుసను నేను కాస్త మారుస్తున్నాను. సూదా కోతా అన్నది తేలడానికి ఇంకా వారాలు పడుతుంది. పిల్లవాడికి చెప్పడానికి ఈ రాత్రి చాలు. 'నరం పట్టింది' అన్న కథ వాడు నమ్మి ఉంటాడనుకుంటున్నారా? పదహారేళ్లవాడు, చేతిలో ఫోనుంది, వేలూరు దాకా వెళ్లి వచ్చాడు, ఫైలు మీద పేరుంది. బహుశా మీకన్నా ముందే ఆ పేరు వెతికి, చదవకూడనివన్నీ చదివి, మీరు భయపడతారని మీ దగ్గర దాస్తున్నాడు. ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ ఒకే ఇంట్లో రెండు గదుల్లో మేలుకుని ఉన్నారు మీరిద్దరూ. మీరు చెప్పాల్సింది పెద్దగా లేదు: నొప్పి నిజమే, మేమే నమ్మలేదు, ఎముకలో శనగ గింజంత గడ్డ ఉంది, క్యాన్సర్ కాదు, తగ్గించే దారులున్నాయి. కొట్టినందుకు క్షమించమని అడగాలా అని రాశారు. అడగండి. సంజాయిషీ జతచేయకుండా అడగండి.

ఇక మీ అత్తగారి మాట. 'సూది తగిలితే పాకుతుంది' అన్నదాన్ని మూఢనమ్మకమని నేను కొట్టిపారేయను. ఇదే వయసు పిల్లలకు మోకాలి చుట్టుపక్కల వచ్చే ఆస్టియోసార్కోమా అనే నిజమైన ఎముక క్యాన్సర్ ఉంది. అక్కడ ముక్క పరీక్షకు ఎవరు పడితే వారు ఎటు పడితే అటు సూది గుచ్చితే ఆ దారిలో క్యాన్సర్ కణాలు మిగిలే ప్రమాదం ఉంది. అందుకే తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనే సూది దారి కూడా నిర్ణయించాలంటారు. ఆమె భయం ఆ జబ్బు విషయంలో సరైనది. మీవాడి జబ్బుకు పాకే గుణమే లేదు కాబట్టి ఇక్కడ వర్తించదు. ఈ రెంటినీ విడదీసి చెబితే ఆమెకు అర్థమవుతుంది. 'నీకేం తెలుసు' అంటే మాత్రం ఎవరికీ అర్థం కాదు.

అయితే జబ్బు పేరు గట్టిదేనా అని మీరు అడగాలి. రాత్రి నొప్పి, మాత్రకు లొంగడం, తొడ సన్నబడటం, సీటీలో గింజ, నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఎముకలో చిన్న చీము గది, పరుగుల వల్ల వచ్చే సన్నని పగులు కొన్నిసార్లు దీనిలాగే కనిపిస్తాయి. కాబట్టి ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా కడపలో తీసిన సీటీ సీడీ కూడా అడిగి తీసుకెళ్లండి. సూది వేయబోయే డాక్టరు బొమ్మలు తన కళ్లతో చూడాలి, మరొకరి రాత చదివితే చాలదు. నా కథ చెప్పాను కదా.

సూది పద్ధతిని రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటారు, ఆసుపత్రిలో ఆర్‌ఎఫ్‌ఏ అంటే చాలు. కొత్త ప్రయోగమేమో అన్న అనుమానం వద్దు. 1992లోనే బోస్టన్‌లో రోసెంతాల్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఈ జబ్బుకు దీన్ని వాడి ఫలితాలు ప్రకటించారు. గది లోపల ఏం జరుగుతుందో చెబుతాను, వినండి. పిల్లవాడికి పూర్తి మత్తో, నడుము కింది మత్తో ఇస్తారు. ఆ గింజను తాకితేనే భరించలేని నొప్పి కాబట్టి చర్మానికి మత్తు సూది వేసి చేసే పని కాదిది. సీటీ బల్ల మీద పడుకోబెట్టి, తొడ మీద గీతలున్న స్టిక్కరు అంటించి స్కాన్ తీస్తారు. ఏ గీత దగ్గర, ఎంత లోతు, ఏ వాలు, అన్నీ తెర మీద కొలుస్తారు. చర్మం మీద కొన్ని మిల్లీమీటర్ల గాటు, అందులోంచి గొట్టం, గొట్టంలోంచి డ్రిల్లు. గింజ చుట్టూ ఎముక రాయిలా గట్టిపడి ఉంటుంది, డ్రిల్లు నెమ్మదిగా దిగుతుంది. కాస్త దిగడం, ఆగి స్కాన్ చూడటం, మళ్లీ దిగడం. గింజ తగిలినప్పుడు మత్తు డాక్టరు ముందున్న తెర మీద చాలాసార్లు ఒక వింత కనిపిస్తుంది. ఒళ్లు తెలియని నిద్రలో ఉన్న పిల్లవాడి గుండె ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కంగారుపడి డాక్టరు వైపు చూశాను. ఆయన తల ఎత్తకుండానే 'చేరాం' అన్నాడు.

ఆ దారిలోనే పరీక్షకు చిన్న ముక్క తీసి, తర్వాత సన్నని కడ్డీ పంపుతారు. కడ్డీ ఒళ్లంతా తొడుగు ఉంటుంది, కొస మాత్రమే బయట. కరెంటు పోతే ఆ కొస చుట్టూ సుమారు 90 డిగ్రీల వేడి పుడుతుంది. ఎసరు మరగడానికి పది డిగ్రీలు తక్కువ. ఐదారు నిమిషాలు అలా ఉంచితే కొస చుట్టూ సుమారు సెంటీమీటరు మేర కణాలు చనిపోతాయి. గింజ అందులో పడిపోతుంది. కడ్డీ తీసి, గాటు మీద పట్టీ వేస్తారు. మీ అత్తగారి పోలికలో తప్పేమీ లేదు, ఇది వాతే. ఆమెకు పెట్టినవాళ్లు జబ్బు ఎక్కడుందో తెలియకుండా చర్మం మీద పెట్టారు. వీళ్లు మిల్లీమీటర్లలో కొలిచి గింజ మీద పెడతారు. ఆమెతో ఇలాగే చెప్పండి, నవ్వుతారు.

తర్వాత ఒకటి రెండు రోజులు గాటు దగ్గర నొప్పి ఉంటుంది. పాత రాత్రి నొప్పి చాలామందికి కొన్ని రోజుల్లోనే పోతుంది. కొందరు పిల్లలు ఆ రాత్రే తేడా తెలిసిందంటారు. నడవనిస్తారు. ఒక్క సంగతి ముందే తెలిసి ఉండండి: తీసిన ముక్క చాలా చిన్నది కాబట్టి పాథాలజీ రిపోర్టులో కొన్నిసార్లు జబ్బు స్పష్టంగా తేలలేదని వస్తుంది. దాన్ని చూసి బావగారు 'చెప్పానా' అనకుండా చూసుకోండి. నొప్పి పోయిందా లేదా అన్నదే అక్కడ అసలు పరీక్ష.

బావగారి ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. మిగిలితే? ఈ పద్ధతిలో నూటికి దాదాపు తొంభై మందికి మొదటిసారికే తగ్గుతుంది. మిగిలినవాళ్లకు నెలల తర్వాత, ఎక్కువగా మొదటి రెండేళ్లలో, నొప్పి తిరిగి వస్తుంది. అప్పుడు మళ్లీ సూది వేయవచ్చు, లేదా అప్పుడే కోయవచ్చు. ఆ దారి మూసుకుపోదు. ముందే కోస్తే అంతా పోతుందన్న ఆయన నమ్మకంలో ఒక చిక్కుంది. ఎముక తెరిచాక సర్జను కంటికి ఈ గింజ చాలాసార్లు కనబడదు, బయటి నుంచి అంతా ఒకేలా ఉంటుంది. తప్పిపోకుండా ఉండాలని చుట్టూ ఎక్కువ ఎముక తీస్తారు. అయినా కొన్నిసార్లు తప్పిపోతుంది. తొడ ఎముక పైభాగం ఒంటి బరువంతా మోసే చోటు. అక్కడ గుంట పడితే విరగకుండా ప్లేటో, వేరేచోటి నుంచి తెచ్చిన ఎముకో పెట్టాలి, వారాలో నెలలో కర్రల మీద నడవాలి. ఇవన్నీ మీకు చెప్పిన కడప డాక్టరు నిజాయితీపరుడు. సూది సంగతి కూడా తానే చెప్పాడు చూడండి, ఆ మనిషిని వదులుకోవద్దు. తర్వాత చూపించుకోవడానికి దగ్గరలో ఆయనే ఉంటాడు.

కోతే మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. గింజ పెద్ద నరానికి సెంటీమీటరు దూరంలోపు ఉంటే వేడి నరాన్ని కూడా కాల్చవచ్చు. జబ్బు పేరు మీదే అనుమానం ఉంటే మొత్తం ముక్క తీసి పరీక్షించడం అవసరం కావచ్చు. సూదితో వచ్చే ప్రమాదాలూ తెలుసుకోండి. చర్మం కాలడం ఒకటి, అది ఎముక చర్మానికి దగ్గరగా ఉండే ముంగాలులో ఎక్కువ, మీవాడి తొడలో కండ మందం కాబట్టి తక్కువ. అరుదుగా చీము పట్టవచ్చు. అరుదుగా డ్రిల్లు వేసిన చోట ఎముక విరగవచ్చు. అందుకే తర్వాత కొన్నాళ్లు గెంతవద్దంటారు.

మూడో దారి మందులతో ఆగడం. ఎవరూ మీకు చెప్పలేదు కానీ ఇది పుస్తకాల్లో ఉన్న దారే. ఈ గడ్డ చాలామందిలో కొన్నేళ్లకు దానంతట అదే చల్లారిపోతుంది, అప్పటిదాకా మాత్రలతో నెట్టుకురావచ్చు. రెండు మూడేళ్లు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. అన్నాళ్లు రోజూ ఈ మాత్రలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. మన కడప ఎండల్లో చెమటకు నీరంతా పోయి, సరిగా నీళ్లు తాగని పిల్లవాడు పైన ఈ మాత్రలు కూడా వేసుకుంటే కిడ్నీల మీద భారం రెట్టింపు. పైగా వాడు ఇప్పటికే ఏడాదికి పైగా లెక్కాపత్రం లేకుండా మింగాడు. ఏ దారి ఎంచుకున్నా ఈ వారంలో కిడ్నీకి సంబంధించిన రక్తపరీక్ష చేయించండి. మెడికల్ షాపులో చేతికందింది కాకుండా డాక్టరు రాసిన ఒక్కటే మాత్ర, అన్నం తిన్నాకే వేసుకోవాలి. వేర్వేరు పేర్లతో ఒకే జాతి మాత్రలు రెండు కలిపి వేయవద్దు.

పుత్తూరు కట్టు మీద నాకు చిన్నచూపు లేదు. మా నాన్నగారి చెయ్యి విరిగితే అక్కడే కట్టించాం. అది విరిగిన ఎముకకు. ఇక్కడ విరిగింది లేదు, అతకాల్సింది లేదు. తైలం పట్టించి రుద్దడం వల్ల గింజ కదలదు, నెల పోతుంది, పిల్లవాడి కండ ఇంకాస్త తరుగుతుంది. అత్తగారి మాట పూర్తిగా తోసేసినట్టు కాకూడదనుకుంటే ఆమెను ఈసారి వేలూరు వెంట తీసుకెళ్లండి. డాక్టరు బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే పెద్దవాళ్లు మనకన్నా త్వరగా ఒప్పుకుంటారు.

నా మొగ్గు సూది వైపే, దాచను. అది మీకు చెప్పిన స్కాన్ నిజమైతే, నరం దూరంగా ఉంటే. ఆ రెండూ తేల్చుకోవడానికి వేలూరు డాక్టరును మళ్లీ కలిసినప్పుడు సూటిగా అడగండి: గింజకు, దగ్గరి నరానికి ఎంత దూరం? ఈ జబ్బుకు మీరు ఇదివరకు ఎందరికి చేశారు? ముక్క తీస్తారా? మళ్లీ నొప్పి వస్తే ఏం చేస్తారు, దానికి మళ్లీ ఎంతవుతుంది? ఇలా అడిగితే చిరాకుపడే డాక్టరు దగ్గర చేయించుకోవద్దు. వేలూరు సీఎంసీ అయినా హైదరాబాద్ నిమ్స్ అయినా, ఎముకల విభాగం, స్కాన్‌లో చూస్తూ సూదితో చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగం రెండూ ఒకే కప్పు కింద ఉన్న చోటు మేలు. ఒకరు కోతే అని, మరొకరు సూదే అని మిమ్మల్ని అటూ ఇటూ తిప్పకుండా వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు.

డబ్బు సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, గాజులు కుదువ పెట్టవచ్చని. తొందరపడవద్దు. మన నోట ఇంకా ఆరోగ్యశ్రీగానే ఉన్న ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, ఏ ఆసుపత్రిని ఎంచుకున్నా చేరకముందే ఈ చికిత్సకు అనుమతి వస్తుందో లేదో అక్కడి కౌంటరులో అడగండి. అనుమతి ముందు రావాలి, చేర్చడం తర్వాత. కోతకు, సూదికి విడివిడిగా అడగండి, జవాబు ఒకటే కాకపోవచ్చు. వర్తించదంటే ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకుని రండి, అప్పుడు గాజుల గురించి ఆలోచించవచ్చు.

మార్చి దాకా ఆగవచ్చా? ప్రాణానికి ముప్పు లేదు కనుక ఆగవచ్చు. కానీ రోజూ రాత్రి రెండింటికి లేచే పిల్లవాడు ఏ పరీక్ష బాగా రాస్తాడు? ఇంకోవైపు, పరీక్షల ముందు ఆసుపత్రి అంటే వాడికే కంగారు కావచ్చు. సంక్రాంతి సెలవులు మధ్యలో వస్తాయి. అప్పటికి తేదీ దొరికితే వారం పది రోజుల్లో వాడు తరగతిలో కూర్చోగలడు. దొరకకపోతే డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతో మార్చి దాటించడం కూడా తప్పు నిర్ణయమేమీ కాదు. ఇందులో వాడి మాటకు విలువ ఇవ్వండి. ఎటు నిర్ణయించినా, జ్వరం రావడం, వాపు త్వరగా పెరగడం, మాత్రకు నొప్పి లొంగకపోవడం, కాలు మోపలేకపోవడం, వీటిలో ఏది కనబడినా తేదీ కోసం చూడకుండా వెళ్లిపోండి.

భర్తకు చెప్పకపోతే ఏమవుతుంది? ఉద్యోగానికి ఇబ్బంది లేకుండా పని జరిగిపోవచ్చు. కానీ మీ పల్లె నుంచి కువైట్‌లో ఒక్క మీవారే లేరు కదా. బద్వేలు బస్టాండుకు చేరేలోపే కువైట్‌కు వార్త చేరే ఊళ్లు మనవి. 'నీ కొడుక్కి ట్యూమరట' అని ఎవరో చెబితే విని, రెండున్నర గంటలు వెనకున్న గడియారం చూసుకుంటూ ఆయన పడే యాతన ఊహించండి. ఆ కంగారులో మనిషి నిజంగానే ఉద్యోగం వదిలి వస్తాడు. మీ నోటితో, రిపోర్టు చేతిలో పెట్టుకుని, 'క్యాన్సర్ కాదు' అన్న మాటతోనే మొదలుపెట్టి చెబితే రాకపోవచ్చు. ఆయన ఏం చేయాలో కూడా మీరే చెప్పండి: రావాలా, డబ్బు పంపాలా, రోజూ రాత్రి కొడుకుతో పది నిమిషాలు మాట్లాడాలా. దూరాన ఉన్నవాడికి చేయడానికి ఏదో ఒక పని ఇవ్వాలి, లేకపోతే టికెట్టు కొంటాడు.

బావగారితో తగువు పెట్టుకోమని చెప్పను. అవసరానికి రాత్రి కారు తెచ్చేది ఆయనే. అన్నదమ్ముల మధ్య ఈ కబురు మీరు మోయకుండా, భర్తకు చెప్పాక ఆయన చేతే అన్నకు ఫోన్ చేయించండి. ఆసుపత్రిలో అంగీకార పత్రం మీద తల్లి సంతకం చెల్లుతుంది. బావగారి అనుమతి లేకపోతే ఏమీ చేయలేనని మీరు రెండు చోట్ల రాశారు. ఆ కాగితం మీద ఆయన పేరుకు గడే ఉండదు.

ఇంటర్నెట్‌లో ఈ సూది చికిత్స గురించి వెతికితే, క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లకు నొప్పి తగ్గించడానికి కూడా దీన్నే వాడతారని, వెన్నెముకలో సిమెంటు నింపుతారని వస్తుంది. అది నిజమే, వాళ్ల జబ్బు వేరు. మీవాడు అదీ చదివే ఉంటాడు కాబట్టి మీరే ముందు ఎత్తి చెప్పండి.

కబడ్డీ. సూదితో అయితే నడకకు అడ్డు లేదు, కానీ పరుగులు, గెంతులు, బరువులు సుమారు మూడు నెలలు వద్దంటారు. రంధ్రం పడిన చోట ఎముక పూడాలి కదా. ఆ తర్వాత డాక్టరు చూసి సరేనంటే మొదట పరుగు, ఆపైన కూతకు వెళ్లడం. పట్టుకునేవాళ్లు నలుగురూ ఒకేసారి ఆ తొడ మీదే పడతారు కాబట్టి ఈలోగా సన్నబడిన కండ తిరిగి రావాలి. ఫిజియోథెరపిస్టు చూపించిన వ్యాయామాలు రోజూ చేయాలి. కడప డాక్టరు కొలిచారే, అలాంటి టేపు ఇంట్లో ఉంచి నెలకోసారి రెండు తొడలూ మీరే కొలిచి గోడ క్యాలెండరు మీద రాయండి. రెండు అంకెలూ ఒకటైన నెలలో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.